నల్లయ్య నడక

ముందుకు అరగంట అయిపోయింది, ఇక వెనక్కి తిప్పాలి. ఆమె కంట్రోలరు మీది మీట అటువైపు నొక్కగానే బల్ల మీద తిరుగుతున్న చిన్న నల్ల బొమ్మ రైలింజను ఒక్క క్షణం ఆగి, తాళం వేశానో లేదో చూసొస్తానని వెనుదిరిగిన మనిషిలా వెనక్కి బయలుదేరింది. చప్పుడు లేదు. అదే కదా వచ్చిన చిక్కు. కొత్తగా ఇంటికొచ్చిన ఇంజనుకి వెంటనే పెట్టెలు తగిలించకూడదు, డబ్బాలో పడుండి లోపల గ్రీజు గడ్డకట్టి ఉంటుంది, వట్టి ఇంజన్ని నిదానంగా అరగంట ముందుకూ అరగంట వెనక్కూ తిప్పితేనే అది కరిగి పళ్ళచక్రాలన్నిటికీ అందుతుంది అని ఆయన చెప్పేవారు. చెప్పేవారేమిటి, పాడు నోరు, మనిషి నిక్షేపంలా కారులో ఇంటికి వస్తుంటే? చెబుతారు. ఇకముందు కూడా చెబుతారు. కూతురు ఇందాకే ఫోన్ చేసింది, ఆసుపత్రిలో కాగితాలన్నీ అయిపోయాయి, నాన్నని తీసుకుని బయలుదేరుతున్నాను, నువ్వు కంగారుపడకు అని. కంగారుపడకు అని ఒకరు అన్నాక ఇక పడకుండా ఉండేదెవరు? కిటికీ తెర జరిపి వీధిలోకి చూసింది. ఎదురింటి గేటుకి ఆనించిన సైకిలు, మూత లేని చెత్తడబ్బా, ఎండలో ఒళ్ళు విరుచుకుంటున్న కుక్క. కారు లేదు. మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. ఇంజను అట్టముక్కల సొరంగంలోకి తోకవైపు నుంచి దూరి అటునుంచి బయటపడి, చిన్న వంతెన దిగి మలుపు తిరిగింది. ఎంత బుద్ధిగా తిరుగుతోందో. కానీ ఇది నల్లయ్య కాదు. నల్లయ్య లాంటిది. అదే రంగు, అదే పొగగొట్టం, అవే పెద్ద చక్రాలు. అసలు నల్లయ్య వంటింట్లో పై అరలో, వాడని గిన్నెల వెనకాల, పాత తువ్వాలులో చుట్టి ఉన్నాడు, మోటారు మాడిపోయి, పళ్ళచక్రం రెండుగా చిట్లిపోయి. ఆ పని చేసింది ఆమే.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఆటోల మధ్య, తోపుడు బళ్ళ మధ్య, ఉన్నట్టుండి రోడ్డుకి అడ్డంపడే మనుషుల మధ్య హారను కొట్టుకుంటూ గడిపిన మనిషి, డ్యూటీ దిగి ఇంటికి రాగానే యూనిఫారమైనా విప్పకుండా ఈ గదిలో దూరేవారు. "ఎవడూ అడ్డం రాని బండి లోకంలో ఇదొక్కటేనే," అనేవారు. పెళ్ళైన కొత్తలో ఆమెకి ఒళ్ళు మండేది. పొద్దుణ్ణించీ బండి తోలొచ్చిన మనిషి ఇంట్లో కూర్చుని మళ్ళీ బండి తోలడమేమిటి, ఎక్కడైనా ఉందా? ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారని నోరు మూసుకుంది. ఒక్కొక్కటే వచ్చి చేరాయి అద్దాల బీరువాలోకి. ఎర్ర డీజిలింజను పేరు పెళ్ళికూతురు, ఎంత మీట తిప్పినా తలొంచుకుని మెల్లగానే నడుస్తుంది. పచ్చది దొరగారు, గూడ్సు పెట్టెలు తగిలిస్తే పట్టాలు దిగి కూర్చుంటుంది, ప్యాసింజరు పెట్టెలైతేనే లాగుతుంది. నల్లయ్య వీళ్ళందరికన్నా ముందొచ్చినవాడు, కూతురికన్నా కూడా ముందు. ఆయన స్నానాలగదిలో నీళ్ళు పోసుకుంటూ ఉన్నప్పుడు ఆమె దుమ్ము దులుపుతూ పొరపాటున ఏ మీటో నొక్కితే, "దొరగార్ని కదపకు, నూనె వెయ్యలేదు" అని లోపలినుంచి కేక వినిపించేది. అవి చెవులా మరేమన్నానా. బస్సు కింద బేరింగు అరిగితే వర్క్‌షాపు వాళ్ళకన్నా ముందు ఆయనకే తెలిసేదట. ఆ చెవుల వెనకే, ఇంకొంచెం లోపలికి, గడ్డ ఒకటి పెరుగుతోందని మాత్రం ఆయనకీ తెలియలేదు, ఆమెకీ తెలియలేదు, తలనొప్పి అంటే ఎండకి అనుకున్నారు.

ఆపరేషనుకి తీసుకెళ్ళబోయే ముందు, తల నున్నగా గొరిగించుకున్న మనిషి మంచం మీద కూర్చుని ఇల్లనీ పించననీ ఏదీ ఎత్తలేదు. "ఇదిగో, వాటిని ఊరికే పడుండనివ్వకు. అప్పుడప్పుడు ఒక్కోదాన్నీ కాసేపు తిప్పు. చక్రాలు తుడువు. నూనె మాత్రం పొయ్యకు, సూదిమొనతో అంటించు, అంతే." అదీ ఆయన అప్పగింత. ఆమె తలూపింది. మాట తప్పలేదు కూడా. ఒక్కో ఇంజన్నీ మెత్తటి గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టి, చక్రాలకి పట్టిన నల్లటి మసిని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచింది, చంటిపిల్లల చెవులు తుడిచినట్టు. పట్టాలు తుడిచింది. సూదిమొనతోనే నూనె అంటించింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది. నల్లయ్య తిరుగుతుంటే చుట్టుకోసారి టిక్‌మని ఒక చప్పుడు వచ్చేది, నాలుక అంగిటికి ఆనించి లాగినట్టు. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి విన్నదే. గోడకి ఇవతల ఉన్నంతకాలం అది ఇంటి చప్పుళ్ళలో ఒకటి, ఎదురుగా కూర్చుని చూసేసరికి అది వదులైన స్క్రూ. చక్రాలన్నిటినీ కలిపి పట్టుకునే కడ్డీ ఉంటుంది, దాని నడుం దగ్గరి స్క్రూ. ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. వదులైన స్క్రూ కంటపడితే ఆమె చెయ్యి ఊరుకోదు. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం ఎరగని మనిషి కళ్ళజోడు అడిగి మరీ తీసుకుని, చేతిసంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించి ఇచ్చిన రకం. ఆయన ఇంటికొచ్చేసరికి నల్లయ్య చప్పుడు చెయ్యకుండా నడవాలి, ఎవరు బాగుచేశారే అని ఆయన నోరు తెరవాలి, తను ఏమీ ఎరగనట్టు నిలబడాలి. ఎంత ముచ్చటపడిందో అదంతా ఊహించుకుని. బిగించింది. కళ్ళజోడుకి బిగించినట్టే, చివర్లో ఇంకో పావు తిప్పు. నల్లయ్య మలుపు దాకా వెళ్ళి మొరాయించాడు. మీట పెంచింది. మూలిగాడు. ఇంకా పెంచింది. లోపల ఏదో ఫట్‌మంది, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పొగగొట్టంలోంచి నిజం పొగ వచ్చింది.

తువ్వాలులో చుట్టుకుని, దొంగసొత్తులా సంచి అడుగున పెట్టుకుని, ఆయన ఇంజన్లు కొనే షాపుకి పరిగెత్తింది. సందు చివర ఇరుకు షాపు, నేల నుంచి పైకప్పు దాకా డబ్బాలు, మధ్యలో పొట్టి షాపాయన. ఇంజన్ని తిరగేసి చూడగానే అతను నాలుక కరుచుకున్నాడు. "ఈ స్క్రూ ఎవరు బిగించారమ్మా?" ఆమె తువ్వాలు మడత పెట్టసాగింది. "డ్రైవరుగారు దీన్ని కావాలనే వదులుగా ఉంచుకున్నారమ్మా. మీ గది చిన్నది కదా, మలుపు ఇరుకు. ఇంత పొడుగింజను అందులో తిరగాలంటే కడ్డీకి కాస్త ప్లే, అదే, అటూ ఇటూ కదిలే వీలు ఉండాలి." ఎవరో చెంప మీద కొట్టినట్టయింది ఆమెకి. దీనికి పళ్ళచక్రాలు చెయ్యడం మానేసి చాలాకాలమైందని, ఇక ఇది అలమారలో పెట్టుకోవడానికే పనికొస్తుందని, అదృష్టం బాగుండి ఇదే మోడలు ఇంకొకటి ఎవరో అమ్మి వెళ్ళారని, అసలు డబ్బా విప్పనే లేదని చెప్పి అతను దాన్ని తీసి, కడ్డీ కింద పల్చటి వాషరు వేసి, మూరెడు పట్టా మీద అటూ ఇటూ నడిపించాడు. "చూడండి, ఇరుకు మలుపులో తిరుగుతుంది, చప్పుడూ రాదు." "టిక్‌మనదా?" అంది ఆమె. "అబ్బే, అస్సలు అనదు." "పోనీ, అనేది ఉందా?" షాపాయన చేతిలో ఇంజన్ని బల్ల మీద పెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు. "చప్పుడొచ్చే బండే కావాలని అడిగింది నా అనుభవంలో మీరొక్కరేనమ్మా." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీసుకుంది, ఏం చేస్తుంది మరి. ఇంటికి తెచ్చి పక్కపక్కన పెట్టుకుని, నల్లయ్య నెత్తి మీద ఎప్పుడో కూతురు కింద పడేసినప్పుడు రంగు ఊడిన చోటు చూసి, కొత్తదాని నెత్తి మీద అక్కడే, అంతే, సూదితో గీకింది. కళ్ళని మోసం చెయ్యడం ఎలాగో కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మనిషికి తెలియదా. చెవుల సంగతే తెలియదు.

ఇంకా ఎంతసేపు? ఇంజను స్టేషను దాటింది. స్టేషను ప్లాట్‌ఫారం మీద వేలెడంత బొమ్మ మనిషి ఒకడు పెట్టె పట్టుకుని ఎప్పటినుంచో నిలబడి ఉన్నాడు, వాడికేం కంగారు. ఆపరేషను బాగా జరిగిందన్నారు. "మనిషి మనిషే, భయమేం లేదు. కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండకపోవచ్చు. ఏవి ఉంటాయో ఏవి పోతాయో మేం చెప్పలేం," అన్నాడు డాక్టరు. ఏవి పోతాయో. సామాను మార్చేటప్పుడు లారీవాడు కూడా అలా అనడే! ఆయన మొదటిసారి కళ్ళు తెరిచి తన వంక చూసి, "కాస్త మంచినీళ్ళు ఇస్తారా?" అన్నారు. ఇస్తారా! నీళ్ళివ్వవే తప్ప ఇంకో మాట ఎరగని మనిషి. మత్తు దిగలేదు, నర్సనుకున్నారు, అంతే అని తనకి తానే సర్దిచెప్పుకుని గ్లాసు అందించింది. తర్వాత అడిగితే ఆమె పేరు చెప్పారు, కూతురి పేరు చెప్పారు, డాక్టరు పెన్ను చూపిస్తే పెన్ను అన్నారు, గడియారం చూపిస్తే గడియారం అన్నారు. అన్నీ సరిగ్గానే చెప్పారు, బట్టీపట్టి అప్పజెప్పినట్టు. ఇంజన్ల ఊసు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఉండబట్టలేక ఆమే ఎత్తింది. "నల్లయ్య బాగున్నాడండీ," అంది, అబద్ధం మొహంలో కనబడిపోతుందేమోనని దుప్పటి సర్దుతున్నట్టు తల వంచుకుని. "సంతోషం," అన్నారాయన, ఎవరో దూరపు చుట్టం కులాసా కబురు విన్నట్టు. ఆ క్షణాన ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, బతికిపోయాను అనుకుంది. అలా ఎలా అనుకోగలిగింది? ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

వీధిలో హారను మోగింది. ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి వెళ్ళింది. గ్యాసు బండి. మళ్ళీ వచ్చి కూర్చుంది, ముళ్ళ మీద కూర్చున్నట్టు. పోనీ, ఇంకా టైముంది కదా, దీని స్క్రూ కూడా కాస్త వదులు చేస్తే? వాషరు ఉన్నా, కొంచెం వదులైతే టిక్ అనదూ? ఇంజన్ని ఆపి, తిరగేసి, స్క్రూడ్రైవరు ఆనించింది. చెమట పట్టిన వేళ్ళలోంచి అది జారింది. పావు తిప్పు. పట్టాల మీద పెట్టింది. చప్పుడు లేదు. ఇంకో పావు. సొరంగం దగ్గరికి వచ్చేసరికి టక్‌మంది. టిక్ కాదు, టక్. ఎవరో తలుపు తట్టినట్టుంది, దరిద్రంగా. అర తిప్పు వెనక్కి, మళ్ళీ ముందుకి. టక్. ఛీ, ఒక చప్పుడు, ఇన్నేళ్ళ నుంచి వింటున్న ఒక్క వెధవ చప్పుడు చేతకాలేదు. ఫోను మోగింది. కూతురు. పెద్ద సిగ్నలు దగ్గర ఆగిపోయారట, నాన్న వెనక సీట్లో నిద్రపోతున్నారట. ఇంతలో వెనక ఇంజను టక్‌మనడం దాని చెవిన పడింది. జరిగిందంతా దానికొక్కదానికే చెప్పుకుంది తను. "ఇంకా ఆ ఇంజను గొడవేనా అమ్మా?" "మెల్లగా మాట్లాడు, వింటారు." "నిద్రలో ఉన్నారన్నానుగా. అయినా నువ్వు ఊరికే హైరానా పడుతున్నావు. నాన్నకి తెలియదులే. ఇప్పుడు ఆయనకి ఏ ఇంజనైనా ఒకటేనమ్మా." "నోర్ముయ్," అంది ఆమె. పెంచి పెద్దచేసిన దాన్ని ఏనాడూ ఆ మాట అనలేదు. పిల్ల మంచికే కదా చెప్పింది, అమ్మ భయం పోగొడదామని చెప్పింది. మరి ఎందుకలా గుండెలో ముల్లు దిగినట్టయింది?

ఫోను పెట్టేశాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. ఏ ఇంజనైనా ఒకటే. అంటే దొరగారూ పెళ్ళికూతురూ కూడా ఒకటేనా? అంటే వంటింట్లో గిన్నె పడిన చప్పుడూ, తన గాజుల చప్పుడూ ఇంకొకరి గాజుల చప్పుడూ ఒకటేనా? పడుకున్నాక ఆమె ఇటు తిరగగానే, "నిద్ర పట్టట్లేదా" అని చీకట్లో అడిగిన మనిషి. మాట్లాడకపోయినా ఊపిరి విని పట్టేసిన మనిషి. ఇన్ని రోజులూ తను దేనికి భయపడుతోంది? ఆయన పట్టేస్తారని, చెడామడా తిడతారని, నీకెవరు చెప్పారే దాని జోలికి వెళ్ళమని అంటారని. పిచ్చిమొహం. అదే జరిగితే ఇంకేం కావాలి? పట్టెయ్యాలి ఆయన. గుమ్మంలో అడుగు పెడుతూనే, లోపలికి కూడా రాకుండానే, అది ఎవరి బండే అని అరవాలి. దేవుడా, నేను దొరికిపోవాలి, ఇంకేమీ అడగను. ఆమె గబగబా ఇంజన్ని తిరగేసి స్క్రూ షాపాయన బిగించినంతగా బిగించేసింది. నెత్తి మీద సూదితో గీకిన చోట నల్లటి స్కెచ్ పెన్నుతో పూసేసింది. ఏ మరకా వద్దు, ఏ చప్పుడూ వద్దు, గుడ్డివాడికి కూడా ఇది పరాయిదని తెలిసిపోవాలి. మీట ముందుకి నొక్కింది. ఇంజను నూనెలో జారినట్టు తిరగడం మొదలెట్టింది. వాకిట్లో కారు ఆగింది.

కూతురు భుజం ఆసరాగా ఇచ్చి తీసుకొచ్చింది. తల మీద ఊలు టోపీ, చొక్కా రెండంగుళాలు పెద్దదైపోయినట్టు భుజాల మీంచి వేలాడుతోంది. ఆమె ఎదురెళ్ళి రెండో చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది, అదే చెయ్యి. "గదిలోకి వెళదామా?" అంటే తలూపారు. తన కుర్చీలో కూర్చోబెడితే కూర్చున్నారు. ఇంజను తిరుగుతోంది. ఆమె ఆయన మొహమే చూస్తోంది. ఆయన కళ్ళు ఇంజను వెంటే తిరిగాయి, అది సొరంగంలో దూరితే ఆగాయి, బయటికొచ్చాక మళ్ళీ పట్టుకున్నాయి. ఒక చుట్టు. ఇంకో చుట్టు. అనండి. ఏదో ఒకటి అనండి. "బాగుంది," అన్నారాయన. "చప్పుడే లేదు. చాలా బాగుంది." కూతురు ఆయన కుర్చీ వెనకనుంచి, నేను చెప్పలేదూ అన్నట్టు కళ్ళెగరేసి, తల్లి మొహం చూసి చప్పున ఆ కళ్ళు దించేసుకుంది.

అయిపోయింది. గట్టెక్కింది. ఇక ఎవరూ అడగరు, తువ్వాలు మూట ఆ గిన్నెల వెనకాల అలాగే ఉండిపోతుంది, ఆయన రోజూ ఈ కుర్చీలో కూర్చుని బాగుంది బాగుంది అంటూ ఉంటారు, తను కాఫీ ఇస్తూ ఉంటుంది. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పింది, ఎందుకు తిప్పిందో తెలియక కట్టేసింది. పీట వేసుకుని పై అరలో చెయ్యి పెట్టి మూట లాగితే గిన్నెలు దభీమని కిందపడ్డాయి. పడనీ. గదిలోకి వచ్చి కంట్రోలరు ఆపేసి, ఆయన ముందు నేలమీద కూలబడి, తువ్వాలు విప్పింది. "ఏమండీ, అది మీది కాదు. మీ నల్లయ్య ఇదిగో. మీరు చెప్పకపోయినా స్క్రూ బిగించి నేనే మాడ్చేశాను." "అమ్మా, ఇప్పుడెందుకు!" అంది కూతురు. ఆయన ఇంజన్ని రెండు చేతుల్తో తీసుకున్నారు, ఎవరి పిల్లనో ఎత్తుకోమని ఇస్తే పట్టుకున్నట్టు. ఆమె వంక చూసి మర్యాదగా నవ్వారు. "పోనీలెండి," అన్నారు.

"పోనీ ఏమిటి, పోనీ ఏమిటండీ?" అంది ఆమె. "ఇది ఎలా నడిచేదో తెలుసా మీకు? చూడండి." మోకాళ్ళ మీద లేచి చూపుడువేలు పట్టాల మీద పెట్టింది. "ఇలా వచ్చేది. స్టేషను దాటేది. ఇటు తిరిగేది. ఇదిగో, సొరంగం దగ్గరికి రాగానే..." నాలుక అంగిటికి ఆనించి లాగింది. టిక్. వేలు మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది. టిక్. కన్నీళ్ళు ముక్కు పక్కనుంచి కారి నోట్లోకి దిగుతున్నాయి, తుడుచుకోవడానికి వేలు తియ్యలేదు. తియ్యకూడదనిపించింది. కూతురు మొహం పక్కకి తిప్పుకుంది. ఇంకో చుట్టు. స్టేషను, సొరంగం, టిక్. ఇంకో చుట్టు.

"అక్కడ కాదే."

ఆమె వేలు ఆగిపోయింది. ఆయన ఆమెని చూడటం లేదు. చేతిలో ఉన్న ఇంజను చక్రాన్ని బొటనవేలితో తిప్పబోతున్నారు, అది తిరగడం లేదు, నుదురు ముడిపడుతోంది. "సొరంగం దగ్గర కాదు. మలుపు దాటాక. వంతెన ఎక్కబోయే ముందు." నిజమో కాదో తేల్చడానికి ఆ ఇంజను ఇక నడవదు. ఆమె అయితే ఎప్పుడూ గోడ ఇవతలినుంచి విన్నదే. ఆయన ఇంజన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎన్నాళ్ళకో, చిరాగ్గా ఆమె వంక చూశారు.

"ఇన్నేళ్ళూ ఏం విన్నావే నువ్వు?"

"సరిగ్గా వినలేదండీ," అంది ఆమె, ముక్కు ఎగబీల్చుకుంటూ. "ఎక్కడో చూపించండి." ఆయన ముందుకి వంగి, ఆమె వేలుని పక్కకి నెట్టి, తన వేలు పట్టాల మీద పెట్టారు.